ఎడమ పక్కన నడిచే మనిషి

మొన్న ఎండ ఎక్కక ముందే మా షాపు ముందర గాడిదపాలు అమ్మే ఆమె వచ్చి ఆగింది. గాడిద ఒకటి, దాని పిల్ల ఒకటి. రెండింటినీ సరిగ్గా నా బండికి అడ్డంగా నిలబెట్టింది. వనపర్తిలో రోడ్డు ఎవరి సొత్తూ కాదు గనుక నేను ఏమీ అనడానికి లేదు. బండి తీసుకుందామని అటు పోతూ, గాడిద ఇంకా రెండు బారల దూరంలో ఉండగానే గొంతు సవరించుకుని "ఓ... ఓ... వస్తున్న, వస్తున్న" అన్నాను. వెనక నుంచి పోకుండా చుట్టూ తిరిగి దాని ఎడమ పక్కకు వచ్చి, మెడ మీద చెయ్యి వేసి, అప్పుడు బండి తాళం తిప్పాను.

ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసి నవ్వింది. "సేటుకు గాడిదల సంగతి మస్తు ఎర్కున్నట్టుందే! ఇంతకుముందు ఏం పని చేస్తుంటివి?"

"నాది గీ షాపేనమ్మా. నేర్పిన మనిషి ఒకాయన ఉండె," అన్నాను.

నేర్పిన మనిషి పోయి నాలుగు నెలలైంది. ఆయన పేరు నేను రాయను. ఆయన మీద ఊళ్లో ఇప్పటికే ఒక అబద్ధం తిరుగుతోంది. దాన్ని పుట్టించింది నేనే. పేరు కూడా రాసి దానికి ఇంకో కాలు తగిలించడం ఎందుకు? అందరూ ఆయన్ని మిలిటరీ అనేవారు. నేను మిలిటరీ అన్నా అనేవాణ్ని.

నా సంగతి కూడా చెప్పాలి. బోర్డు మీద ఫోటో స్టూడియో అని ఉంటుంది గానీ నా కడుపు నింపేవి ఫ్లెక్సీలు. పుట్టినరోజు, పెళ్లి, చావు, పార్టీ మారడం, ఏదైనా గంటలో చేసిస్తాను. అయిజ నుంచి అచ్చంపేట దాకా ఎందరు నాయకుల మెడ కింద కొవ్వు చెక్కానో, ఎందరి బట్టతల మీద జుట్టు మొలిపించానో నాకే లెక్క తెలియదు. ఈ పనిలో ఉన్నవాడికి మనుషుల మొహాల మీద గౌరవం పోతుంది. నాకూ పోయింది. పోకపోతే ఆ పని చేసేవాణ్నే కాదు.

ఆయన మొదటిసారి వచ్చింది పాస్‌పోర్ట్ సైజు ఫోటో కోసం. సర్వీసు ముగించుకుని పెద్దమందడి పక్కన వాళ్ల ఊరికి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. పత్తి మిల్లులో గేటు దగ్గర మనిషి కావాలంటే దరఖాస్తు పెట్టుకుంటున్నాడు. స్టూలు చూపించాను. "నిలబడితె రాదా భాయ్?" అన్నాడు. సరే అని తెల్లగుడ్డ ముందర నిలబెట్టి, గడ్డం కొంచెం పైకి, భుజాలు సమానం, అట్లాగే ఉండు అన్నాను. అంతలో కౌంటర్ దగ్గరకు ఎవరో పెళ్లి ఆల్బం పట్టుకుని కొట్లాటకు వచ్చారు. పిల్ల మొహం నల్లగా వచ్చిందని వాళ్లు, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టింది మీరే కదా అని నేను. ఆ గొడవ తేల్చి, టీ తాగి, రెండు ఫోన్లు మాట్లాడి లోపలికి వస్తే మనిషి తెల్లగుడ్డ ముందర అట్లాగే ఉన్నాడు. గడ్డం కొంచెం పైకి. భుజాలు సమానం.

"అయ్యో అన్నా, జర కూసోకపోతివా!"

"నువ్వు గట్లనే ఉండమంటివి గద," అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. చెప్పిన పని చేశాడు, అంతే. నేనే సిగ్గుపడి నాలుగు ఫోటోలకు ఎనిమిది తీసిచ్చాను.

పోతూ పోతూ హిందీ అందుకున్నాడు. బోర్డు మీద సలీం అనే పేరు చూసి కావాలనే మా షాపుకు వచ్చాడట. పదిహేడేళ్లు హిందీలో తిని, హిందీలో తిట్లు పడి, హిందీలోనే కలలు కన్న మనిషి ఊరికి వచ్చేసరికి నోటికి తాళం పడింది. ఇంట్లో ఎవరికీ రాదు. నిద్రలో ఏదో తురక భాష మాట్లాడుతున్నాడని వాళ్ల ఇంటామె భయపడి తాయెత్తు కూడా కట్టించిందట. ఆ సంగతి చెప్పి ఆయనే నవ్వాడు. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు వచ్చేవాడు. పనేమీ ఉండదు. గోడకు ఆనుకోకుండా నిలబడి ఒక పావుగంట హిందీ మాట్లాడుకుని పోయేవాడు. ఇక్కడ నేను రాసే ఆయన మాటల్లో సగం హిందీవే, మన మాటల్లోకి దించి రాస్తున్నాను.

ఎవరితో నడిచినా ఎడమ పక్కనే నడిచేవాడు. మనం పక్క మారితే ఆయన కూడా ఏదో పనున్నట్టు వెనక నుంచి తిరిగి మళ్లీ ఎడమకే వచ్చేవాడు. ఎవరి వెనక నుంచైనా పోవాలంటే ముందు గొంతు సవరించేవాడు. బ్యాంకులో వరుసలో నిలబడ్డప్పుడు కూడా ముందున్నవాడు ఉలిక్కిపడకుండా "ఓ... ఓ..." అనేవాడు. జనం తిరిగి చూసి నవ్వేవారు.

ఇక బరువు సంగతి. రోడ్డు మీద ఏ బండి మీదనైనా బరువు ఒక పక్కకు ఒరిగిందా, ఆయన ప్రాణం ఆగదు. ఒకసారి నేను ఫ్లెక్సీ చుట్టలు బండికి కట్టుకుని గద్వాల పోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. మొత్తం విప్పించాడు. రెండు చుట్టలు ఇటు, రెండు అటు, చేత్తో తూచినట్టు లేపి చూసి, ఏదో ముడి వేసి కట్టాడు. ఒక్క కొస లాగితే మొత్తం ఊడివచ్చే ముడి.

"ఒక దిక్కే బరువుంటె వీపు పుండైతది భాయ్," అన్నాడు.

"బండికి వీపేంది అన్నా?"

"బండికి లేకపోతె నీకుంటది గద."

మిల్లు పక్కన హోటల్లో మాత్రం ఆయన వీపు మీది బరువును ఎవరూ చూడలేదు. కొత్తగా వచ్చినప్పుడు టీ పోసి చుట్టూ చేరారు. నేను కూడా అక్కడే ఉన్నాను.

"అన్నా, బార్డర్ల ఎంతమందిని లేపినవ్?"

"ఎవ్వల్ని లేపలే."

"అరె, సిగ్గుపడకు. ఒక్కడన్న లేడా?"

"తుపాకి పట్టుడు నేర్పిన్రు, పట్టిన. గని నా పని గది గాదు. ఖచ్చర్లను నడిపిచ్చిన. పైన గుట్టల మీదికి బండ్లు పోవు. బియ్యం, గ్యాసునూనె, ఆలుగడ్డ, మందులు, అన్ని వాటి మీదనే పోవాలె."

"ఖచ్చర్లంటె?"

"కంచరగాడిదలు."

ఇంకేముంది! హోటలు హోటలంతా పడీపడీ నవ్వింది. టీ పోసినవాడు కూడా నవ్వాడు. అది ఉత్త గాడిద కాదు, తల్లి గుర్రం, తండ్రి గాడిద, గుట్టల్లో దాని అంత నమ్మకమైన జంతువు లేదని ఈయన ఓపికగా చెప్పబోయాడు. చెప్పినకొద్దీ నవ్వు ఎక్కువైంది. ఆ పూట నుంచి ఆయన పేరు గాడిదల మిలిటరీ. ముందు హోటల్లో అన్నారు, తర్వాత మిల్లులో, తర్వాత ఊళ్లో చుట్టాలు కూడా అన్నారు.

నాకు ఒళ్లు మండింది. బయటికి వచ్చాక అడిగాను. "ఇద్దర్ని పేల్చిన అని చెప్తె నీ సొమ్మేం పోతుండె అన్నా? వీళ్లు పొయ్యి చూసి ఒస్తరా?"

"పేల్చినోళ్లు నాకెర్కే భాయ్," అన్నాడు. "వాళ్లు చెప్పుకోరు. వాళ్లది నేనెట్ల చెప్పుకుంట?" కొంచెం దూరం నడిచి మళ్లీ అన్నాడు. "మోసింది అక్క. పేరు తుపాకికి ఇయ్యమంటవా?"

అక్క అంటే ఆయన నడిపిన ఖచ్చర్. దానికి డెక్క మీద నంబరు ఉండేదట. ఆయన మాత్రం అక్కా అని పిలిచేవాడు. "నాకంటె రెండేండ్ల ముందు భర్తీ అయింది. సీనియర్‌ను పేరు వెట్టి పిలుస్తరా?" అనేవాడు. నవ్వకుండా అనేవాడు. పదకొండేళ్లు ఆయనా అదీ ఒక్క తాడు మీద నడిచారు.

దాని గురించి ఆయన చాలా చెప్పాడు గానీ రెండుసార్లు చెప్పింది ఒక్కటే సంగతి. మంచు కురుస్తోందట. బాట కనబడడం లేదు. వరుసలో అందరికంటే ముందు అక్క. ఉన్నట్టుండి ఆగిపోయింది. పిలిచాడు, బతిమాలాడు, బెల్లం చూపించాడు. కదలదు. వెనక అందరూ అరుస్తున్నారు. పొద్దు పోతే మొత్తం వరుస మంచులో చిక్కుకుంటుంది. ఆయన కర్ర తీసి ఒక్క దెబ్బ కొట్టాడు. అది మెడ తిప్పి ఆయన్ను చూసింది గానీ అడుగు వెయ్యలేదు. కొంచెం సేపటికి ముందున్న మంచు పెళ్లలు పెళ్లలుగా లోయలోకి జారిపోయింది. బాట అనుకున్నది బాట కాదు.

"అది ఆగింది గాబట్టి నేనున్న. నేనేం జేసిన? కొట్టిన," అనేవాడు. రెండుసార్లూ నేను ఫ్లెక్సీ మీద అక్షరాలు సర్దుతూ విన్నాను. సర్దడం ఆపి వినాల్సింది.

అక్క ముసలిదయ్యాక సర్వీసు నుంచి తీసేశారు. ఆ రోజు పొద్దున ఎవరో తోటివాడు ఒక ఫోటో తీశాడు. ఖచ్చర్లను కట్టేసే రాతిగోడల తబేలా ముందర అక్క, దానికి ఎడమ పక్కన ఈయన, కుడిచేతిలో తాడు. తర్వాత దాన్ని ఎటు తీసుకుపోయారో ఆయన అడగలేదు. అడగకూడదని తెలుసట. ఇంకో రెండేళ్లు వేరే ఖచ్చర్‌ను నడిపి ఇంటికి వచ్చేశాడు. పదిహేడేళ్ల సర్వీసుకు ఆయన దగ్గర ఉన్న ఫోటో ఆ ఒక్కటే.

మిల్లు గేటు పని దొరికింది. ఆ పని ఆయన తిండికి చేశాడు. మనసుకు చేసింది వేరే. వాళ్ల ఊరి పక్కన పశువుల దవాఖాన ఉంది. డాక్టరు వచ్చిన రోజు వస్తాడు, రాని రోజు రాడు. ఈయన మాత్రం డ్యూటీ దిగి రోజూ పోయేవాడు. జీతం లేదు, పిలుపు లేదు. ఒకసారి నేను చూశాను. ఒక ఎద్దు కాలికి చీము పట్టి ముగ్గురిని ఎత్తి పడేసింది. ఈయన గొంతు సవరించుకుంటూ ఎడమ పక్కకు వచ్చాడు. మెడ మీద చెయ్యి వేసి హిందీలో ఏవో చిన్న చిన్న మాటలు చెప్పాడు. అది పాలమూరు ఎద్దు, దానికి హిందీ ఎక్కడిది! అయినా చెవులు ఆడించి కాలు ఆయన చేతికి ఇచ్చింది. డెక్క కోసి, ముల్లు తీసి, కడిగి, గుడ్డ కట్టేదాకా కదలలేదు. రైతు దండం పెట్టబోతే ఈయన పక్కకు తప్పుకున్నాడు.

ఆ దవాఖానలో అటెండర్ కొలువు ఖాళీగా ఉంది. పర్మినెంట్ కాదు, పైవాళ్ల చీటీ మీద పెట్టుకునే కొలువు. ఆయన రెండేళ్లుగా దాని కోసం తిరుగుతున్నాడు. ఆయన ఎవరినైనా ఏదైనా అడిగాడంటే అది ఆ కొలువు గురించే. "గదొక్కటొస్తె సాలు భాయ్. గేటు కాడ దినం ఎల్లిపోతది గని చేతులకు పనుండదు," అనేవాడు.

నేనే తెలివైనవాణ్ని కదా, దారి చూపించాను. మా దగ్గర ఫ్లెక్సీలు వేయించుకునే నాయకుడు ఒకాయనకు టికెట్ ఆశ పుట్టింది. ఆగస్టు పదిహేనున పెద్దమందడిలో వీరజవానుకు సన్మానం పెడదామని బయలుదేరాడు. సన్మానం ఖాయం, జవానే దొరకలేదు. నేను ఈయన పేరు చెప్పాను. కొలువు మాట కూడా చెప్పాను. "గదెంత పని! స్టేజీ దిగంగనే చీటి ఇప్పిస్త," అన్నాడాయన. ఫోటో కావాలంటే మిలిటరీ అన్న తన ఫోటోను చేతిరుమాలులో చుట్టి తెచ్చి ఇచ్చాడు. "జర జాగర్త భాయ్. గదొక్కటే ఉంది."

నాయకుడు కంప్యూటర్‌లో చూసి ఎగిరిపడ్డాడు. "ఇదేంది సలీమూ! గాడిద పక్కన నిలబెడ్తవా జవాన్‌ను? నా ఇజ్జత్ తీస్తవా? తీసెయ్ దాన్ని. చేతుల తుపాకి పెట్టు. ఎనక జర మంట పెట్టు."

"ఆయన ఒప్పుకోడు సార్."

"కొలువు కావాల్నా వద్దా అడుగు."

అడిగాను. ఈ నోటితోనే అడిగాను. "అక్కను తీస్తవా?" అన్నాడు మిలిటరీ అన్న.

"ఫ్లెక్సీల తీస్త అన్నా. నీ ఫోటోల ఉంటది గద. నీది నీకు ఇచ్చేస్త. ఒక్కరోజు ఊకో. ఒక్క రోజుకు ఏమైతది?"

"నన్నేమన్న చెప్పమంటరా?"

"ఏం చెప్పకు. నిలబడు. అంతే."

నిలబడటం ఆయనకు వచ్చిన పనే. తల ఊపి పోయాడు.

అక్కను తీయడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ కుడిచేతిలో తాడు తీసి తుపాకి పెట్టాను. తబేలా తీసి మంచుకొండలు, జెండా, మంట పెట్టాను. నిజం చెప్పాలంటే బాగా వచ్చింది. పని బాగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా. నా సంతోషం మీద మన్ను పడ!

ఆగస్టు పదిహేను వచ్చింది. స్టేజీ వెనక ఆయన నిలువెత్తు బొమ్మ తుపాకి పట్టుకుని నిలబడింది, దాని ముందర ఆయన నిలబడ్డాడు. నాయకుడు మైకు పట్టుకుని ఊగిపోయాడు. ఈ పాలమూరు పులి మంచుకొండల్లో ఒంటరిగా నిలబడి పన్నెండు మంది శత్రువులను మట్టి కరిపించాడన్నాడు. జనం చప్పట్లు. హోటల్ వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. శాలువా కప్పారు. మైకు ఆయన చేతికిచ్చారు. ఆయన మైకు పట్టుకుని జనంలో నన్ను వెతికాడు. వెతికి నా కళ్లలోకి చూశాడు. ఆ ఒక్క క్షణం ఆయన చెప్పేసేవాడే. నేను అరచెయ్యి కిందికి ఊపాను, ఊకో ఊకో అని. ఆయన మైకు నోటి దగ్గర పెట్టుకుని "జై హింద్" అని తిరిగి ఇచ్చేశాడు. చప్పట్లు ఇంకా పెద్దగా మోగాయి.

కొలువు రాలేదు. నాయకుడి బామ్మర్దికి వచ్చింది. మొదటి రోజే బర్రె కొమ్ము విసిరిందని వాడు లోపలికి దూరి గడియ పెట్టుకున్నాడట. బయట బర్రెను పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? మిలిటరీ అన్నే. ఆ తర్వాత రేపటి నుంచి నువ్వు రావద్దని, బయటివాళ్లు లోపల తిరగొద్దని ఆ బామ్మర్దే చెప్పాడు. నాయకుడిని నేను రెండుసార్లు అడిగాను. చూద్దాం అన్నాడు. మూడోసారి అడగలేదు. నాకు ఆయన ఫ్లెక్సీలు కావాలి కదా.

హోటల్ సంగతి అంతకంటే ఘోరం. నిజం చెప్పినప్పుడు నవ్వినవాళ్లు ఇప్పుడు నిలదీశారు. "మొన్నటిదాంక గాడిదలంటివి గద మిలిటరీ, ఇయ్యాల తుపాకెక్కడ దొరికింది? కొలువు కోసం ఎన్ని కతలు!" అన్నారు. ఆయన ఏం చెప్తాడు? నేను చెప్పలేదు అనాలి. చెప్పలేదు నిజమే, కాదని కూడా అనలేదు కదా. కప్పు సగంలోనే పెట్టి లేచాడట. మళ్లీ ఆ హోటల్ గడప తొక్కలేదు. ఊళ్లో మిగతావాళ్లు నిజంగానే నమ్మి దండాలు పెట్టేవారు. ఆ దండాలు చూస్తే ఆయన తలకాయ దించుకుని సందులోకి తిరిగేవాడు. ఎన్ని ఏళ్లు మంచులో నిలబడినవాడో, ఊరి దండాలకు తట్టుకోలేకపోయాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. వారం తర్వాత వచ్చి "భాయ్, నా ఫోటో?" అన్నాడు.

వెతికాను. లేదు. ఆగస్టు పదిహేను హడావిడిలో టేబుల్ నిండా కత్తిరించిన ముక్కలు పడి ఉంటాయి. వాటిని గోనెసంచిలో తోసి పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తాం. ఆ సంచిలోనే పోయి ఉంటుంది. సరే, కంప్యూటర్‌లో ఉంటుందిలే అని తెరిచాను. పాతది లేదు. అక్కను తీసేసిన బొమ్మను పాత బొమ్మ మీదే సేవ్ చేశాను. మా పనిలో నిన్న చేరినవాడు కూడా చెయ్యని తప్పు అది. ఎంత వెతికినా తుపాకి పట్టుకున్న మిలిటరీ అన్నే వస్తున్నాడు. అక్క లేదు. పదకొండేళ్లు మోసిన జంతువు భూమి మీద మిగిలిన ఒక్క కాగితం మీద నుంచి కూడా పోయింది, నా చేతుల మీదుగా పోయింది.

చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇంట్లో ఉంది అన్నాను. తర్వాత వచ్చినప్పుడు బీరువా తాళం మా తమ్ముడు పట్టుకుపోయాడన్నాను. తర్వాత నీళ్లు నమిలాను. ఆయన ప్రతిసారీ "పర్వాలే భాయ్, నిమ్మళంగ చూడు" అని పోయేవాడు. అట్లా ఆరు నెలలు. గొంతు సవరించుకునే ఆ చప్పుడు వినబడితే నేను లోపలి గదిలోకి తప్పుకోవడం మొదలుపెట్టాను.

చివరికి నా తెలివి మళ్లీ పనిచేసింది. ఇంటర్నెట్‌లో వెతికి ఒక ఖచ్చర్ బొమ్మ దించాను. ఆయన చేతిలో తుపాకి తీసి తాడు పెట్టాను. వెనక రాతిగోడ నిలబెట్టాను. అంచులు మాపి, రంగు వెలిసినట్టు చేసి, పాత కాగితంలా ప్రింటు తీశాను. ఆయన వచ్చినప్పుడు "దొరికింది అన్నా! బీరువా కింద పడ్డది," అని చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకుపోయాడు. చాలాసేపు చూశాడు. నేను ఆయన మొహం చూస్తున్నాను, పనివాణ్ని కదా, అతుకు ఎక్కడన్నా కనబడిందేమోనని. బొటనవేలితో ఆ జంతువు మెడ మీద ఒకసారి రాశాడు.

"మంచిగుంది భాయ్," అన్నాడు. "శుక్రియా."

రుమాలులో చుట్టుకుని పోయాడు. బతికాన్రా అనుకున్నాను. అంతే కాదు, సొంత ఖచ్చర్‌ను కూడా గుర్తుపట్టలేకపోయాడంటే నా పనితనం ఎంతదో అని గర్వపడ్డాను కూడా. ఛీ, ఏం బతుకు!

తర్వాత కూడా అప్పుడప్పుడు వచ్చాడు. బాగోగులు అడిగేవాడు. తెలుగులోనే మాట్లాడేవాడు. హిందీ మానేశాడన్న సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు.

పోయిన చలికాలంలో ఒక పొద్దున మిల్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని కనబడ్డాడట. డ్యూటీలో ఆయన కూర్చోగా ఎవరూ చూడలేదు. కూర్చున్నాడంటేనే ఏదో అయిందని మిల్లు వాళ్లకు అర్థమైంది. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. నాయకుడు ఫోన్ చేసి ఆ తుపాకి బొమ్మతోనే నివాళి ఫ్లెక్సీ వెయ్యమన్నాడు. మిషన్ ఖరాబైందని చెప్పి పెట్టేశాను. ఇంకో షాపులో వేయించాడు.

ఐదోరోజు వాళ్ల ఇంటామె వచ్చింది. పదకొండో రోజు దినానికి గోడకు పెట్టే ఫోటో కావాలట. సంచిలో నుంచి రుమాలు తీసి విప్పింది. నేను చేసిన ఫోటో.

"ఇందులకెల్లి ఆయనది ఒక్కటి పెద్దగ చెయ్యి భాయ్," అంది. "గా గాడిదను తీసెయ్యి."

"ఉండనీ వదినా. అది అక్క గద. అన్నకు పానం అది," అన్నాను.

ఆమె నా వంక వింతగా చూసింది. "గది అక్క గాదంట గద. తెచ్చిన నాడే చెప్పిండు. ఇది ఎవలదో వేరే జంతువు అన్నడు. మరి వాపస్ ఇయ్యకపోతివా అన్న. సలీం భాయ్ పాపం మస్తు తిప్పలు వడి చేసిండు, అడిగితె చిన్నబోతడు, ఊకో అన్నడు. నీకు చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు ఆయనే లేడు, ఇంకేం ఒట్టు."

ఇద్దర్ని పేల్చానని ఒక్క మాట అబద్ధం చెప్పమంటే చెప్పని మనిషి. నాకోసం, నా మొహం చూసి, మంచిగుంది భాయ్ అన్నాడు. ఆ అబద్ధం ఆయనకు నేర్పింది నేనే.

ఆమె ముందరే కంప్యూటర్ తెరిచి ఆ జంతువును తీసేశాను. ఈసారి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తాడు తీసేశాను. చెయ్యి మాత్రం అట్లాగే చాచి ఉంది, ఖాళీగా. దాన్ని ఏం చెయ్యాలో నాకు తోచలేదు. ఆమె పక్కనే నిలబడి చూస్తోంది. చివరికి చెయ్యి కనబడకుండా ఛాతీ దాకా కత్తిరించి ప్రింటు తీసిచ్చాను.